కమలాపండు రంగు చొక్కా

అండమాన్ వెళ్దామన్నది మా ఆయన. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఇప్పుడు ఎవరైనా అడిగితే "మా ఆవిడ పోరు పడలేక" అంటున్నాడు. నేను పోరు పెట్టే మనిషినే, కాదనను. మిక్సీ కోసం పోరాను, మేడ మీద రేకుల కోసం పోరాను. కానీ సముద్రం చూడ్డానికి విమానం ఎక్కుదామని మాత్రం నా జన్మలో పోరలేదు. మా పుట్టిల్లు పూడిమడక. అనకాపల్లిలో బస్సెక్కి అక్కడ దిగితే చాలు, సముద్రం ఊరికే కనిపిస్తుంది.

మా నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు. మా ఆయన వాళ్ళది బుచ్చయ్యపేట వైపు పల్లె, చెరుకూ వరీ పండించే ఇల్లు. మేమిద్దరం పరవాడలో ఒకే మందుల కంపెనీలో పనిచేస్తూ, ఒకే కంపెనీ బస్సులో వెళ్తూ వస్తూ, కిటికీ పక్క సీటు కోసం దెబ్బలాడుకుంటూ పెళ్ళి దాకా వచ్చాం. పెద్దవాళ్ళు రెండు వైపులా కొన్నాళ్ళు అలిగారు. బాబు పుట్టాక అలగడానికి వాళ్ళకి తీరిక లేకపోయింది. మా నాన్న మాత్రం అల్లుడితో ఇప్పటికీ పొడి పొడిగానే మాట్లాడతాడు. మా ఆయన మా నాన్న ఎదుట పడితే చాలు, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుంటాడు.

ఇంత భయపడే మనిషి బస్సులో మాత్రం గొప్పలు పోతాడు. "మా ఆవిడేటనుకున్నారు? సముద్రం పిల్ల. పడవలో పుట్టింది, పడవలో పెరిగింది." వెనక సీట్లో కూర్చుని వింటూ నేను నోరు మెదిపేదాన్ని కాదు. నలుగురిలో మొగుడి పరువు తీయడం ఎందుకని ఊరుకున్నాను. అసలు సంగతేమిటంటే నేను పడవలో పుట్టలేదు, పెరగలేదు, పడవలో కాలైనా పెట్టలేదు. మా వాళ్ళలో వేటకెళ్ళే పడవని ఆడవాళ్ళు ఎక్కకూడదు. వల తాకొచ్చు, చేపలు మొయ్యొచ్చు, ఎండబెట్టొచ్చు, అమ్మొచ్చు, పడవ మీద తెచ్చిన అప్పుల వాళ్ళకి సమాధానం కూడా చెప్పొచ్చు. ఎక్కడం మాత్రం కుదరదు.

కాలైనా పెట్టలేదన్నాను గానీ, ఒక్కసారి పెట్టాను. రెండో క్లాసులో ఉన్నప్పుడు దాగుడుమూతలాడుతూ, ఒడ్డుకి లాగి ఉన్న మా పడవలోకి దూకి దాక్కున్నాను. మా నాన్న చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. రెక్క పట్టుకుని ఎత్తి ఇసకలో దింపి, పడవంతా పసుపు నీళ్ళతో కడిగాడు. నా కళ్ళముందే కడిగాడు. మర్నాడు వల ఖాళీగా వచ్చింది. మా నానమ్మ వారం రోజులు నా మొహం చూసి మెటికలు విరిచింది. నానమ్మ పోయింది, పడవ అమ్మేశారు, మోకాళ్ళ నొప్పులొచ్చి నాన్న వేట మానేశాడు. ఆ పసుపు నీళ్ళ మీద కోపం మాత్రం నాకింకా పోలేదు. ఒక్కసారి పడవెక్కి కూర్చోవాలి, అదీ దొంగతనంగా కాదు, మా నాన్న ఎక్కమంటేనే ఎక్కాలి అని అప్పట్నుంచీ మనసులో ఉండిపోయింది. ఈ కోరిక ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకి ఒకసారి చెప్పాను గానీ, అప్పుడాయన క్రికెట్ చూస్తున్నాడు.

ప్రయాణం ఖాయమయ్యాక అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టుకి వెళ్ళాం. మా ఆయన ఒక చొక్కా పట్టుకున్నాడు. కమలాపండు రంగు. దాని మీద అరచేతులంత తెల్ల మందారాలు.

"నూకాలమ్మ జాతరలో బూరలమ్మేవోడు కూడా ఇలాంటిదెయ్యడు," అన్నాను.

"దీవుల్లో ఇలాగే ఏసుకుంటారే."

"నువ్వెప్పుడెల్లేవు దీవులకి?"

"వీడియోల్లో చూసేను కదేటి."

మా అత్తగారి ఎదుట ఆయన్ని మీరు అంటాను. ఇద్దరమే ఉంటే నువ్వు. ఆ చొక్కా వేసుకున్నప్పుడు ఏమనాలో నాకు తోచలేదు. పూల సంగతి ఎలా ఉన్నా, ఆ రంగంటేనే నాకు చిన్నప్పట్నుంచీ పడదు. పండక్కి నాన్న నాకు గౌను తెచ్చాడంటే కమలాపండు రంగే. ఏటేటా అదే. పక్కింటి పిల్లకి నీలం గౌను, దానికి లేసు, నాకేమో మళ్ళీ అదే. ఏడిస్తే మా అమ్మ, "మీ నాన్నకి ఇంకో రంగు కనబడదే, ఏటి చేత్తాం," అనేది. చూపు సరిగా లేని మనిషి సముద్రంలో ఎలా తిరుగుతున్నాడా అని దిగులుపడేదాన్ని కూడా.

బాబుని మా అత్తగారి దగ్గర వదిలాం. ఆవిడ మాకు కొత్త బెల్లం అచ్చు ఒకటి తువ్వాల్లో చుట్టి ఇచ్చింది, నీళ్ళు మారినప్పుడు రోజూ ముక్క నోట్లో వేసుకోమని. విమానాశ్రయంలో సంచీ తనిఖీ చేసే అతను దాన్ని బయటికి తీసి, తిప్పి తిప్పి చూసి, ఇదేమిటన్నాడు. మా ఆయన ఛాతీ విరుచుకుని "అనకాపల్లి బెల్లం సార్" అన్నాడు. పాస్‌పోర్టు చూపించినట్టే చెప్పాడు. అతను నవ్వి వదిలేశాడు.

విమానం దిగి, అక్కణ్ణుంచి చిన్న దీవికి ఓడెక్కాం. ఓడ సంగతి మా నాన్నని ముందే అడిగి పెట్టుకున్నాను. "ఓడైతే ఎక్కమ్మీ. దానికి తలుపులుంటాయి, కుర్సీలుంటాయి, అది బస్సులాటిది. పడవ జోలికి మాత్రం ఎల్లకు," అన్నాడు. నిజంగానే లోపల ఏసీ, టీవీ, మూసి ఉన్న అద్దాలు. విశాఖ బస్సు కంటే తక్కువ ఊగింది. మా ఆయన మాత్రం దారంతా ముందు సీటు కడ్డీ వదల్లేదు. వాళ్ళ వైపు నీళ్ళంటే చెరుకు మడిలో పాదం మునిగేవే. అంతకు మించిన లోతు ఆయన చూడలేదు.

ఇక మా విశ్రాంతి గురించి చెప్పాలి. మేం దిగిన చోట ఒడ్డున గొడుగుల కింద పొడుగాటి కుర్చీలు వేశారు. మా ఆయన ఒకదాంట్లో చేరగిలబడి, "రిలాక్స్ అవ్వు," అన్నాడు.

"ఎలాగవ్వాలి?"

"ఏటీ చెయ్యకుండా ఉండు."

ప్రయత్నించాను. మా ఊళ్ళో పట్టపగలు ఇసకలో పడుకునేవాడు తాగుబోతు అయినా అయి ఉంటాడు, జ్వరమైనా వచ్చి ఉంటుంది. నా చుట్టూ మంచి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు జంటలు జంటలుగా పడి ఉన్నారు. అంత తెల్లటి ఇసక, అంత మంచి ఎండ, ఒక్క చేప ఆరబెట్టినవాడు లేడు. ఎంత చోటు వృథాగా పోతోందో అని నా ప్రాణం కొట్టుకుంది. ఆ మాట పైకి అంటే మా ఆయన ముఖం మీది తువ్వాలు తీయకుండానే, "వీళ్ళ చేత ఎండుచేపలు అమ్మించకుండా నువ్వు బతకలేవా?" అన్నాడు.

ఆయన ఏదో గొప్పగా రిలాక్స్ అయ్యాడని కాదు. బెల్లం గానుగ దగ్గర నిప్పుకి కాపలా పడుకున్నవాడిలా కాసేపటికోసారి ఉలిక్కిపడి లేచేవాడు. మబ్బు పట్టిన ఆకాశం చూసి "మోడం ఏసింది" అనేవాడు. బుచ్చయ్యపేటకి ఫోన్ చేసి అక్కడ కూడా మోడం వేసిందేమో కనుక్కునేవాడు. సముద్రంలో దిగుతానని ప్యాంటు మడిచి బయల్దేరి, చీలమండ తడిసేసరికి వెనక్కి పరిగెత్తుకొచ్చేవాడు. అల తరుముకొస్తుంటే ఆ పువ్వుల చొక్కా ఎగురుకుంటూ రావడం చూసి, పక్క కుర్చీలో ముసలావిడ కూడా నవ్వింది. ఆవిడది ఏ దేశమో నాకు తెలీదు. నవ్వు మాత్రం ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

మర్నాడు పొద్దున్న మళ్ళీ ఆ చొక్కాయే తొడుక్కుని, నన్ను తీసుకెళ్ళి ఒడ్డున ఇంకో చోట నిలబెట్టాడు. అక్కడ పడవలున్నాయి. అడుగున అద్దం వేసిన పడవలు. అందులో కూర్చుని వంగి చూస్తే నీళ్ళ కింద పగడాలూ, రంగు రంగుల చేపలూ కనిపిస్తాయట. రెండు టిక్కెట్లు కొనేసి, వాటిని విసనకర్రలా ఊపుతూ నిలబడ్డాడు.

"ఎక్కు," అన్నాడు.

నేను కదల్లేదు.

"ఏటే? సముద్రం పిల్లవి కదా."

"మా నాన్న పడవెక్కొద్దన్నాడు."

ఇదీ నా పరిస్థితి. ఉద్యోగం చేసుకునే మనిషిని, పిల్లాడి తల్లిని, దేశం చివర దీవిలో నిలబడి మా నాన్న వద్దన్నాడంటున్నాను. పడవవాడికి మా మాటలు అర్థమైపోయాయి. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడట. "ఆడోలెక్కకపోతే మాకేటి మిగుల్తాదమ్మా? సగం టిక్కెట్లు మీయే కదా!" అని నవ్వాడు. మిగతావాళ్ళు ఎక్కేస్తున్నారు. పడవ ముందు కొనకి పసుపు రాసి, బొట్లు పెట్టి ఉన్నాయి. అచ్చం మా పడవకి పెట్టినట్టే. అది చూశాక నా కాళ్ళు ఇంకా బిగుసుకుపోయాయి. తిరిగి వెళ్ళిపోదామన్నాను.

మా ఆయన నన్ను చూశాడు. క్రికెట్ చూస్తూ విన్న మాట అప్పుడు గుర్తొచ్చిందో ఏమో, జేబులోంచి ఫోన్ తీసి కొబ్బరి చెట్ల వైపు నడిచాడు. ఎవరికి చేస్తున్నాడో నాకు తెలీదు. దూరం నుంచి చూస్తే, ఎదురుగా ఎవరూ లేకపోయినా చేతులు కట్టుకుని, తల వంచుకుని మాట్లాడుతున్నాడు. అప్పుడర్థమైంది, మా నాన్నకే చేశాడని. పెళ్ళయ్యాక ఆయన తనంతట తాను మా నాన్నకి ఫోన్ చేయడం అదే మొదలు. తిరిగొచ్చి ఫోన్ నా చేతికిచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాడు.

"ఏటమ్మీ," అన్నాడు నాన్న. "ఆ పడవ ఏటకెల్లేదా? మనుసుల్ని తిప్పేదా?"

"మనుషుల్ని తిప్పేదే నాన్నా."

"వలెక్కుతాదేటి అందులోన?"

పడవవాణ్ణి అడిగాను. ఎక్కదన్నాడు.

నాన్న దగ్గాడు. తర్వాత పెద్ద తగువు తీర్చేవాడిలా అన్నాడు. "వలెక్కని పడవకి పట్టింపేటుంటాది? అది పడవ కాదు, బల్ల. ముందు కొనకి దణ్ణమెట్టుకో. కుడికాలెట్టి ఎక్కు." మళ్ళీ ఆగి, చిన్నగా, "ఎక్కమ్మీ," అన్నాడు.

ఆ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాకే తెలీదని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చేసింది. మా నాన్న ఎంత ఆలోచించి ఆ సందు వెతికిపెట్టాడో తల్చుకుంటే నవ్వూ వచ్చింది. చెప్పులు విప్పి, కొనకి దణ్ణం పెట్టుకుని, కుడికాలు పెట్టి ఎక్కాను. పడవ నా కింద కదిలింది. ఓడ కదలడం వేరు, ఇది వేరు. బతికున్నదాని మీద కూర్చున్నట్టుంది.

చెయ్యి చాపి మా ఆయన్ని రమ్మన్నాను. ఆయన ఒక కాలు నీళ్ళలో పెట్టాడు. పడవ ఊగింది. కాలు తీసేశాడు. నన్ను చూశాడు, పడవని చూశాడు, ఇసకలో ఉన్న నా చెప్పులని చూశాడు.

"నువ్వెల్లిరా. నేను చెప్పులు చూత్తాను," అన్నాడు.

పడవలో అందరూ నవ్వారు. ఆ దీవిలో చెప్పులెత్తుకుపోయే మనిషి లేడు. అయినా ఆయన నా చెప్పులు ఒక చేత్తో, తనవి ఒక చేత్తో పట్టుకుని గట్టిగా నిలబడ్డాడు. పడవవాడు ఇంజన్ లాగాడు.

కొంత దూరం పోయాక అందరూ అద్దం మీదికి వంగారు. అదిగో పగడం, ఇదిగో చేప అని అరుపులు. నేను కూడా వంగబోయి, ఎందుకో వెనక్కి తిరిగాను. ఒడ్డు నాకు తెలీనట్టుంది. ఒడ్డు మీద నిలబడి పడవల్ని చూడ్డమే గానీ, పడవలోంచి ఒడ్డుని చూడ్డం నా జన్మలో లేదు. అంత పెద్ద ఒడ్డు గీతంత అయిపోయింది. కొబ్బరి చెట్లన్నీ ఒకే ఆకుపచ్చ, ఇసకంతా ఒకే తెలుపు. మధ్యలో మనుషులు బియ్యంలో నల్లపురుగుల్లా ఉన్నారు. ఎవరు ఆడో, ఎవరు మగో తెలియడం లేదు. మా ఆయన ఎక్కడున్నాడో వెతికాను. కనిపించలేదు. అంతలో పడవ కొంచెం తిరిగింది.

కమలాపండు రంగు చుక్క ఒకటి కనిపించింది. ఆ ఒడ్డంతటి మీద నాకు తెలిసినది అదొక్కటే.

బడి లేని రోజుల్లో, వేటకెళ్ళిన పడవలు తిరిగొచ్చే వేళకి, అమ్మా నేనూ బుట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడేవాళ్ళం. ఆ రోజు ఆ గౌనే వేసుకోవాలని అమ్మ పట్టుబట్టేది. నేను గింజుకునేదాన్ని. ఇంకో రంగు కనబడదే అని అమ్మ ఊరికే అనలేదు. అక్కణ్ణుంచి చూస్తే నిజంగానే ఇంకో రంగు కనబడదు. పసుపు నీళ్ళతో పడవ కడిగిన మనిషి, ఒడ్డుకి తిరిగొచ్చేటప్పుడల్లా ఆ పడవలో కూర్చుని నన్నే వెతుక్కున్నాడు. ఇన్నేళ్ళూ నేను పసుపు నీళ్ళొక్కటే గుర్తుపెట్టుకున్నాను.

"అమ్మా, పగడాలు కిందున్నాయి. ఒడ్డు మీద లేవు," అన్నాడు పడవవాడు. నేను ముక్కు తుడుచుకుంటుంటే చూసి ఇంజన్ వైపు తిరిగిపోయాడు. పగడాలు నేను చూడలేదు. ఇంటికొచ్చాక అందరికీ బాగున్నాయనే చెప్పాను.

తిరిగొచ్చేసరికి మా ఆయన మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నాడు. చీలమండ తడిస్తే పరిగెత్తిన మనిషి ప్యాంటు కూడా మడుచుకోలేదు. రెండు జతల చెప్పులూ రొమ్ముకి హత్తుకుని ఉన్నాడు. ఎప్పుడు దిగాడో ఆయనకే తెలీదట. ముఖంలో రంగు లేదు.

"ఇంతసేపేటే?"

"అరగంటే కదా."

"పడవలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నువ్వేదాంట్లో ఉన్నావో తెలీలేదు." నా చెయ్యి పట్టుకుని దింపి, ఇంకా వదల్లేదు. ఇసకలోకి వచ్చాక అన్నాడు, "చిన్నప్పుడు రోజూ ఇలాగే నిలబడేదానివేటి?"

నిలబడేదాన్నన్నాను. ఆయన నా చెప్పులు కింద పెట్టి, నేను తొడుక్కునేదాకా పక్కనే నిలబడ్డాడు.

సాయంత్రం నాన్నకి వీడియో కాల్ చేశాను. పగడాల గురించి ఆయన అడగలేదు. "కెరటం ఎలాగుంది? గాలెటునుంచి?" అని మొదలుపెట్టాడు. చెప్పాను. తర్వాత ఇంక ఆగలేక, "నాన్నా, నాకు గౌన్లన్నీ ఆ రంగే ఎందుకు తెచ్చేవోడివి?" అన్నాను.

"ఇప్పుడడుగుతన్నావేటి?" అని నవ్వాడు. "దూరం నుంచి సూత్తే పిల్లలందరూ ఒక్కలాగే ఉంటారమ్మీ. నా పిల్లేదో నాకు తెలవద్దా? నువ్వు కనబడ్డావంటే, ఇంక ఇంటికొచ్చీసినట్టే." ఫోన్ తెరలోకి వంగి చూశాడు. "అల్లుడు పడవెక్కినాడా?"

"లేదు. చెప్పులు చూత్తానని ఒడ్డు మీదే ఉండిపోయేడు."

పక్కన కూర్చున్న మా ఆయన వద్దు వద్దని చేతులూపుతున్నాడు. నాన్న పగలబడి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మరి నీకు కనబడ్డాడా?" అన్నాడు.

"కనబడ్డాడు నాన్నా."

"అదే కావాలి," అన్నాడు. ఆ తర్వాత అల్లుడికి ఫోన్ ఇమ్మని, చాలాసేపు మాట్లాడాడు. మోడం గురించి.

అనకాపల్లి వచ్చేశాం. కంపెనీ బస్సులో మళ్ళీ అవే గొప్పలు. ఈసారి ఆ గొప్పల్లో "మా ఆవిడ"తో పాటు పగడాలు కూడా చేరాయి. ఆయన చూడనివీ, నేను చూడనివీ. నేను కాదనలేదు. ఆ చొక్కా మాత్రం మిగతా బట్టలతో కలపకుండా విడిగా, చన్నీళ్ళలో ఉతుకుతున్నాను. ఎండలో ఆరేస్తే రంగు వెలుస్తుందని నీడలో ఆరేస్తున్నాను. నాకు ఆ పువ్వులు నచ్చేశాయని ఆయన అనుకుంటున్నాడు. అనుకోనీ. ఆదివారం చేపల బజారుకి బయల్దేరుతుంటే నేనే తీసి చేతికిస్తున్నాను. బజార్లో జనం ఎక్కువ, ఇది వేసుకో అని మాత్రం చెప్తున్నాను.